బ్రేకు డిస్కులు మార్చే ముందు కొలవమనండి

సంపాదకులు గారికి,

నమస్కారం. బెంగళూరులో కారున్న మన తెలుగువాళ్లలో చాలామంది ఏడాదికి ఒక్కసారైనా కోలారు, చిత్తూరు మీదుగా తిరుపతి వెళ్లొస్తుంటారు. మేమూ అంతే. పోయినసారి కొండ దిగి ఇంటికి వస్తుంటే, ముళబాగిలు దాటాక ముందు లారీ కనబడి బ్రేకు తొక్కాను. స్టీరింగు చేతుల్లో గజగజ వణికింది. వేగం 90 నుంచి 50కి తగ్గేసరికి వణుకు ఆగింది. బ్రేకు మీద కాలు తీస్తే అసలేమీ లేదు. మా అమ్మ మాత్రం ఇల్లు చేరేదాకా గోవింద నామాలు ఆపలేదు.

మర్నాడే మారతహళ్లిలో ఒక గ్యారేజీకి తీసుకెళ్లాను. వాళ్లు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి, "ఏం లేదు సార్" అన్నారు. ఎలా తెలుస్తుంది? ఆ రోడ్డు మీద పగటిపూట 30 దాటితే గొప్ప. ఈ వణుకు 70, 80 దగ్గర గానీ బయటపడదు. నేను గట్టిగా చెప్పాక, "అయితే డిస్కులు వంకరపోయాయి" అని చక్రాలైనా విప్పకముందే తేల్చేశారు. డిస్కంటే చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్లెం, బ్రేకు తొక్కితే ప్యాడ్లు దాన్ని రెండు వైపులా నొక్కి పట్టుకుంటాయి. కొత్త డిస్కులు, ప్యాడ్లు, కూలీ కలిపి 9,400 రూపాయలు. వారం రోజులు బండి వెన్నలా నడిచింది. మూడు నెలలకు మళ్లీ అదే వణుకు. ఇంకో చోటికి పోతే లోయర్ ఆర్మ్ బుష్షులు (చక్రాన్ని బండికి కలిపే కడ్డీ దగ్గరి రబ్బరు ముక్కలు) అన్నారు, అవీ మార్పించాను. వణుకు మాత్రం పోలేదు.

చివరికి కె.ఆర్.పురం రైల్వే గేటు వైపు చిన్న షెడ్డులో పనిచేసే ఒక పెద్దాయన దగ్గరికి, ఆఫీసులో ఎవరో చెబితే వెళ్లాను. మదనపల్లె మనిషి. ఆయన అడిగిన మొదటి మాట, "ఇంతవరకూ ఎవరైనా కొలిచినారా సార్?"

ఎవరూ కొలవలేదు. ఆయన చక్రం విప్పి, డిస్కుకు డయల్ గేజ్ (పక్కకు ఎంత ఊగుతోందో సూదితో చూపే పరికరం) ఆనించి, చేత్తో మెల్లగా తిప్పారు. సూది 0.12 మిల్లీమీటరు ఊగింది. చాలా కార్లకు ఇది 0.1 దాటకూడదట. తర్వాత డిస్కు ఊడదీసి వెనకున్న హబ్బు, అంటే డిస్కూ చక్రమూ బిగించే భాగం, చూపించారు. దాని మీద పొరలు పొరలుగా తుప్పు. కొత్త డిస్కును ఆ తుప్పు మీదే బిగించారన్నమాట. "డిస్కు వంకర కాదు సార్, అది కూర్చున్న చోటు వంకర" అన్నారాయన.

మరి మొదటి వారం ఎందుకు బాగుంది? అది నాకు అప్పుడే అర్థమైంది. అలా కొంచెం ఊగే డిస్కు బ్రేకు వేయకపోయినా ప్రతి చుట్టులో ఒకేచోట ప్యాడుకు రాసుకుంటుంది. అక్కడ అరిగి పలచబడుతుంది. రెండు మూడు వేల కిలోమీటర్లు తిరిగేసరికి మందంలో తేడా వచ్చేస్తుంది. మందం కొలిచే మైక్రోమీటరు పెట్టి ఎనిమిది చోట్ల కొలిస్తే నా డిస్కులో తేడా 0.03 మిల్లీమీటరు. తల వెంట్రుకలో సగం కూడా ఉండదేమో! ఆ కాస్త తేడాకే స్టీరింగు వణుకుతుంది.

ఆయన వైరు బ్రష్షుతో హబ్బు శుభ్రం చేసి, డిస్కులకు లేతు మీద సన్నగా కోత పెట్టించి, అంచు మీద అచ్చేసి ఉన్న కనీస మందం కన్నా ఎక్కువే ఉందని నాకు చూపించి, మళ్లీ బిగించారు. నట్లు గాలి గన్నుతో కాదు, ఎంత బిగువో చూసి బిగించే టార్క్ రెంచ్‌తో, ఎదురెదురుగా. గన్నుతో ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ బిగించినా డిస్కు పక్కకు లాగుతుందట. సూది ఇప్పుడు 0.04. ఖర్చు 1,200. అసలు మొదటిసారి కూడా, ఘాట్‌లో నేను దారి పొడుగునా బ్రేకు మీద కాలు పెట్టి దిగడం వల్ల వేడెక్కిన ప్యాడు పదార్థం డిస్కుకు మచ్చలుగా అంటుకుని ఉండొచ్చని, సెకండ్ గేరులో దిగాల్సిందని మెత్తగా చివాట్లు కూడా పెట్టారు. ఆ తప్పు నాదే.

ఇదంతా నా కారు గోడుగా రాయడం లేదు. పొగ పరీక్ష సర్టిఫికెట్ లేకపోతే పోలీసులు జరిమానా వేస్తారు. అదే సొంత కారు బ్రేకులనైతే, రిజిస్ట్రేషన్ గడువు తీరే 15 ఏళ్ల దాకా ఏ అధికారీ చూడాల్సిన పని లేదు. అందాకా అంతా గ్యారేజీ వాళ్ల మాటే. బిల్లు మీద చూస్తే "బ్రేక్ వర్క్" అని రెండే ముక్కలు. 2019 వినియోగదారుల చట్టం ఉంది, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయొచ్చు, నిజమే. కానీ కొలతే రాయని చోట ఏం చూపించి ఫిర్యాదు చేయాలి?

రవాణా శాఖ, వినియోగదారుల శాఖ కలిసి ఒక చిన్న నియమం పెడితే చాలు. బ్రేకు డిస్కు మార్చే గ్యారేజీ ఏదైనా పాత డిస్కు మందం, ఊగుడు, కొత్తది బిగించాక ఊగుడు, ఈ మూడు అంకెలూ జాబ్ కార్డులో రాయాలి. తీసేసిన సామాను యజమాని చేతికి ఇవ్వాలి. గేజ్ కొనడం భారమని ఎవరైనా అంటే నమ్మకండి, అది పదివేల లోపు వస్తువు. అనవసరంగా మార్చే ఒక్క జత డిస్కుల ధర.

పెద్దాయన కొలతలు రాసిచ్చిన చీటీ జిరాక్సు ఈ లేఖతో పంపుతున్నాను. వీలైతే అచ్చు వేయండి. ఆయన ఫోన్ నంబరు మాత్రం నేనే కొట్టేశాను, ఇప్పటికే షెడ్డు ముందు బండ్లు బారులు తీరి ఉంటున్నాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు