శాంపిల్ తీసిన రోజే తీర్పు రాయకండి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలోనో చిత్తూరులోనో ఫుడ్ సేఫ్టీ అధికారులు పాల కేంద్రాన్ని తనిఖీ చేస్తే మర్నాడే ‘కల్తీ పాలు పట్టివేత’ అని వార్త వస్తోంది. నిజానికి ఆ రోజు జరిగింది శాంపిల్ తీయడమే. తప్పు జరిగిందని తేల్చే పని 2006 నాటి ఆహార భద్రత చట్టం ఆ అధికారికి అప్పగించలేదు.

అధికారి ముందుగా వ్యాపారికి నోటీసు రాసివ్వాలి. శాంపిల్‌ను నాలుగు భాగాలు చేసి అతని ఎదుటే సీలు వేయాలి. ఒకటి ల్యాబ్‌లో పరీక్షించే ఫుడ్ అనలిస్టుకు, రెండు ఆ ప్రాంత ఆహార భద్రత బాధ్యతలు చూసే డెజిగ్నేటెడ్ ఆఫీసరుకు వెళ్తాయి. నాలుగోది వ్యాపారి కోరితే గుర్తింపు పొందిన మరో ల్యాబ్‌కు పంపాలి. ఈ హక్కు ఉందని తెలియక నోరు మెదపని చిన్న వ్యాపారులను తలచుకుంటే బాధేస్తుంది.

పాల కేసులు ఎక్కువగా దెబ్బతినేది ఈ శాంపిల్ తీసే దగ్గరే. క్యాను అడుగుదాకా కలియబెట్టకుండా పైపైన ముంచితే మీగడ ఎక్కువ వస్తుంది, వెన్న శాతం తప్పు చూపిస్తుంది. ల్యాబ్‌కు పంపే శాంపిల్ పాలు చెడకుండా 25 మిల్లీలీటర్లకు రెండు చుక్కల చొప్పున ఫార్మలిన్ వేయాలి. అరలీటరు సీసాకు 40 చుక్కలన్నమాట. అది మరిచిపోతే మన మే నెల ఎండకు ల్యాబ్ చేరేసరికి పాలు విరిగిపోతాయి. ఇక ఆ కేసులో మిగిలేది ఏముంటుంది?

అనలిస్టు 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. అది అందిన 30 రోజుల్లో వ్యాపారి అప్పీలు చేసుకోవచ్చు. అప్పుడు డెజిగ్నేటెడ్ ఆఫీసరు దగ్గర దాచిన భాగం, రెండోసారి పరీక్షించే రెఫరల్ ల్యాబ్‌కు వెళ్తుంది, దాని మాటే ఆఖరు.

తర్వాత దారి రెండుగా చీలుతుంది. నీళ్లు కలిసి ఆవుపాలలో వెన్న 3.2 శాతం కన్నా, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాలు) 8.3 శాతం కన్నా తగ్గితే అవి నాసిరకం. దీనికి జైలు లేదు. జాయింట్ కలెక్టర్ ఇరుపక్షాలా విని 5 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. ఎంత లాభం తీశాడు, తెలిసి చేశాడా, మళ్లీ మళ్లీ చేస్తున్నాడా అన్నవి ఆయన చూడాల్సిందే. ప్రాణానికి హాని చేసే పదార్థం తేలితే మాత్రం ఫుడ్ సేఫ్టీ కమిషనర్ అనుమతితో కేసు కోర్టుకెక్కుతుంది. ఆ ఆహారం వల్ల మనిషి చనిపోయినట్టు రుజువైతే శిక్ష కనీసం ఏడేళ్లు. మామూలుగా ఏడాదిలోపు కోర్టుకు చేరకపోతే గడువు దాటినట్టే, కాబట్టి ఫైలు కదలకపోతే అసలు దోషే బయటపడతాడు.

కొనేవారూ ఫీజు కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. అయితే కొనేటప్పుడే ఆ మాట అమ్మేవాడికి చెప్పాలి.

ఇకనుంచి తనిఖీ రోజున ‘శాంపిల్ సేకరణ’ అనే రాయండి. జాయింట్ కలెక్టర్ ఉత్తర్వు వచ్చిన రోజున, జరిమానా పడినా కేసు కొట్టేసినా, ఆ వార్తను అదే పేజీలో అంతే పెద్దగా వేయండి.

— ఆహార కేసులు చూసే న్యాయవాది, తిరుపతి