సదరం క్యాంపుకు పోయేవాళ్లు చూడండి

అందరికీ నమస్తే. రేపు దేవరకొండ నుంచి నల్గొండకు సదరం పరీక్షకు (వైకల్యం ఎంత శాతమో తేల్చే డాక్టర్ల పరీక్ష) పోయే అక్కలు, అమ్మలు పల్లెవెలుగు గానీ ఎక్స్‌ప్రెస్ గానీ ఎక్కండి. 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి ఉచిత ప్రయాణం డీలక్స్‌లో చెల్లదు. ఆధార్ ఒరిజినలే పెట్టుకోండి. మొన్న మా పెద్దమ్మ కొంగుముడిలోంచి చెమటకు మెత్తబడ్డ జిరాక్స్ తీసింది, కండక్టర్ ఒప్పుకోలేదు, ఛార్జీ కట్టింది. జీరో టికెట్ అడిగి మరీ తీసుకోండి, ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బిచ్చేది ఆ లెక్కతోనే. తోడొచ్చే మగవాళ్లకు ఫ్రీ లేదు, ఛార్జీ పైసలు ఉంచుకోండి.

సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం, వినికిడి లోపానికైతే 51 శాతం ఉంటేనే 4,016 రూపాయల పెన్షన్‌కు అర్హత. పాత మెడికల్ కాగితాలన్నీ ఒక కవర్‌లో పెట్టుకుని రండి.