ఆ పేజీలో లేని "లేదా"

ప్రియమైన శేఖర్,

నీ ఉత్తరం చేరి వారమైంది. "ఒక హత్య చేసి యావజ్జీవం పడినవాడు మళ్ళీ హత్య చేస్తే ఉరి తప్ప ఇంకేముంది?" అని అడిగావు. నీమీద కోపం రాలేదు కానీ మనసు కలుక్కుమంది. ఎందుకంటే సరిగ్గా అదే మాట మన దేశంలో నూట ఇరవై ఏళ్ళకు పైగా చట్టంగా ఉండేది.

నిన్న రాత్రి నాన్నగారి బీరువాలోంచి పాత భారత శిక్షాస్మృతి (ఐపీసీ) పుస్తకం తీశాను. అట్ట ఊడిపోయింది, కాగితాలు పసుపెక్కాయి. 302వ సెక్షన్‌లో హత్యకు మరణశిక్ష లేదా యావజ్జీవం అని ఉంది. దాని కిందే 303: యావజ్జీవ శిక్షలో ఉన్నవాడు హత్య చేస్తే మరణశిక్ష. అక్కడ "లేదా" లేదు. వేలు పెట్టి మళ్ళీ చదివాను, లేదు.

పైగా ఆ మొదటి నేరం హత్యే కానక్కరలేదు శేఖర్! కొన్ని రకాల ఫోర్జరీకి కూడా యావజ్జీవం వేయవచ్చు. అలాంటివాడు పెరోల్‌పై ఇంటికొచ్చి, పాత తగాదాలో ఆవేశపడి ఒకరిని హత్య చేసినా ఉరే, పథకం వేసి జైలు కాపలాదారును చంపినా ఉరే. అసలు ఈ సెక్షన్ పుట్టిందే జైలు అధికారుల రక్షణ కోసం. అప్పట్లో ఆ అధికారుల్లో ఎక్కువమంది తెల్లవాళ్ళు.

పంజాబ్ ఖైదీ మిఠూ దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశాడు. 1983 ఏప్రిల్ 7న అయిదుగురు న్యాయమూర్తులు, 303 రాజ్యాంగంలోని 14 (సమానత్వం), 21 (జీవించే హక్కు, స్వేచ్ఛ) అధికరణలకు విరుద్ధమని ఒక్కమాటగా కొట్టివేశారు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ గారి తీర్పులో ఒక ప్రశ్న నన్ను పట్టేసింది. శిక్ష వేసేముందు దోషి చెప్పుకునేది వినాలని అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (నేర విచారణ పద్ధతి చట్టం) అనేది. వేయదగిన శిక్ష ఒక్కటే అయినప్పుడు జడ్జి విని ఏం చేయాలి? పిల్లలున్నారని చెప్పినా, పిచ్చి కోపంలో చేశానని ఏడ్చినా ఆయన కలం కదలాల్సింది ఒకవైపే. మన తెలుగువాడు చిన్నపరెడ్డి గారు కూడా ఆ ధర్మాసనంలో ఉన్నారు. ఇది కాలం చెల్లిన సెక్షన్ అని విడిగా రాశారు.

2024 జులై 1న ఆ పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది కదా, దాని 104వ సెక్షన్ ఈ నేరం గురించే. మరణశిక్ష, లేదా బతికినంతకాలం జైలు. ఆ రెండో దారి కూడా నాకు ఇరుకుగానే తోస్తోంది, అయినా "లేదా" వచ్చి చేరింది.

సంక్రాంతికి వస్తావుగా, పాత పుస్తకం నీ చేతిలోనే పెడతాను. ఆ పేజీలో నెమలీక గుర్తు పెట్టాను. చదివాక నీ ప్రశ్న మళ్ళీ అడుగు.

నీ
మాధవ