మందిరం కప్పుకి, క్రిస్మస్ నాటకానికి మీ కానుక కోరుతూ

ప్రియమైన సంఘస్తులకు, హైదరాబాదులో, బెంగళూరులో, గల్ఫ్‌లో ఉంటున్న మన బిడ్డలకు ప్రభువు పేరిట వందనాలు.

క్రిస్మస్‌కి ఇంక పదహారు రోజులే ఉంది. పోయిన ఆదివారం లెక్క చూస్తే, అనుకున్నదాంట్లో సగం కూడా రాలేదు.

ఈ మందిరం ఎవరో కట్టించి ఇచ్చింది కాదని మీకు తెలుసు. మన నాయనమ్మలు ఎసట్లో పోసే బియ్యంలోంచి పూటకో గుప్పెడు పక్కన పెట్టి, ఆదివారం కొంగున కట్టి తెచ్చారు. ఆ బియ్యంతో లేచిన గోడలివి. మగవాళ్లు కూలి నుంచి వచ్చి వెన్నెల్లో ఇసుక మోశారు. కోతకాల పండుగ వేలంలో ఒక్క గుమ్మడికాయకి పోటీపడి పాట పెంచిన సంఘం మనది. అలాంటి వాళ్లకి చందా గుర్తు చేయాల్సి రావడం మాకు కష్టంగానే ఉంది.

పుల్పిట్ కుడిపక్క కప్పు కారుతోంది. దానికి, విధవరాండ్ర దుప్పట్లకి, పిల్లల బట్టలకి, నాటకానికి కలిపి లక్షా ఎనభై వేలు కావాలి. చేతిలో ఉన్నది డెబ్భై వేలు. వివరాలు కోశాధికారి గారి దగ్గర ఎవరైనా చూడొచ్చు.

కప్పు కారుతుంటే నాటకం ఎందుకని కొందరు అడిగారు. మందిరంలో దయ్యాలొచ్చే నాటకమేమిటని ఒక పెద్దాయన బాధపడ్డారు. అందుకే కొంచెం వివరంగా చెప్పాలి.

ఈసారి మన యవ్వనస్తులు వేస్తున్నది చార్లెస్ డికెన్స్ 'ఎ క్రిస్మస్ కేరల్'. 1843 డిసెంబరు 19న లండన్‌లో వచ్చింది. అచ్చేసిన 6000 ప్రతులూ క్రిస్మస్‌కి ముందే అయిపోయాయి. తండ్రి అప్పుల జైల్లో ఉంటే, పన్నెండేళ్ల వయసులో బూట్ పాలిష్ డబ్బాలకి లేబుళ్లు అంటించిన మనిషి రాసిన కథ ఇది. ఆకలి ఎరిగినవాడు రాశాడు. అందులో స్క్రూజ్ అనే పిసినారి దగ్గరికి మూడు ఆత్మలు వచ్చి, గడిచిందీ, జరుగుతున్నదీ, రాబోయేదీ చూపిస్తాయి. భయపెట్టడానికి కాదు, కళ్లు తెరిపించడానికి. బైబిల్లో మన జక్కయ్య మేడిచెట్టు దిగి ఆస్తిలో సగం బీదలకి ఇస్తానన్నాడు కదా, ఇదీ అలాంటి మార్పే.

మొన్న రిహార్సల్‌కి వెళ్లాను. స్క్రూజ్ చలిమంటకి వాడే బొగ్గుల పెట్టె తన గదిలోనే పెట్టుకుంటాడు. వారానికి 15 షిల్లింగుల జీతగాడైన గుమాస్తా చలికి తట్టుకోలేక కొవ్వొత్తి దగ్గర చేతులు కాచుకుంటాడు. ఆ వేషం వేసే కుర్రాడు పగలు తాపీ పనికి వెళ్తాడు. కొవ్వొత్తి ఆరిపోతుందని ఫ్యాన్ కట్టేశారు. మెడకి తువ్వాలు చుట్టుకుని, చెమటలు కారుతుంటే, సిమెంటుకి పగిలిన వేళ్లు ఆ మంట చుట్టూ పెట్టి వణికాడు. చూస్తున్న ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. ఈ నాటకం ఆపమని నేనెలా చెప్పను?

డికెన్స్ కూడా ఈ కథని 1853 క్రిస్మస్ వారంలో బర్మింగ్‌హామ్ టౌన్‌హాల్‌లో ఒక విద్యాసంస్థ విరాళాల కోసమే చదివి వినిపించాడు. ఒక రోజు పనివాళ్ల కోసం తక్కువ టికెట్‌కి చదివాడు. మనం టికెట్టే పెట్టడం లేదు.

కథలో పండుగ ముందురోజు ఇద్దరు పెద్దమనుషులు బీదల కోసం చందాకి వస్తే స్క్రూజ్ జైళ్లు లేవా అని అడిగి పంపేస్తాడు. మారిన మర్నాడు వాళ్లలో ఒకాయన వీధిలో ఎదురైతే, తనే ఆపి, చెవిలో ఒక అంకె చెప్తాడు. ఆయనకి నోట మాట రాదు. అందులో పాత బాకీలు చాలా కలిపానంటాడు స్క్రూజ్. అదెంతో డికెన్స్ చదివేవాళ్లకి కూడా చెప్పలేదు. తర్వాత చర్చికి వెళ్తాడు. గుమాస్తా ఇంటికి పంపిన పెద్ద టర్కీ కోడి మీద కూడా తన పేరు చెప్పనివ్వడు.

మీ పేరూ చదవొద్దంటే చదవం. రెండేళ్లుగా ఇవ్వలేకపోయినవాళ్లు మొహమాటపడి తప్పుకోకండి. మేము ఇంటికొస్తే తలుపు తీయండి, అంతే చాలు. కోశాధికారి గారి చెవిలో చెప్పండి. దూరాన ఉన్నవాళ్లు ఆయన నంబరుకి ఫోన్‌పే చేయండి. 20వ తారీఖులోపు అందితే మేస్త్రీకి అడ్వాన్స్ ఇచ్చి పని మొదలుపెట్టిస్తాం.

ఆ ఇద్దరు పెద్దమనుషుల వేషాలకి రెండు నల్లకోట్లు తక్కువయ్యాయి. పెళ్లికోటు బీరువాలో ఉన్నవాళ్లు దయచేసి ఇవ్వండి. ఉతికించి, ఇస్త్రీ చేయించి, న్యూ ఇయర్ ఆరాధనకి ముందే మీ ఇంట్లో ఇస్తాం.

ప్రభువు సేవలో,
సంఘ కమిటీ తరఫున కార్యదర్శి