లైసెన్స్ ఆగలేదు, గొలుసు పడింది ర్యాంపు గేటుకి

అందరికీ నమస్కారం. 2025 అక్టోబర్ 1న వాషింగ్టన్‌లో బడ్జెట్ ఆగి ఫెడరల్ ప్రభుత్వం షట్‌డౌన్ అయినప్పటి నుంచి మన ఎర షాపు ఫోన్‌కి రోజూ ఇదే ప్రశ్న: "అన్నా, ఇప్పుడు ఫిషింగ్ లైసెన్స్ ఇస్తున్నారా?" ఇస్తున్నాం. మొదటి రెండు రోజులు నేనే సరిగ్గా కనుక్కోకుండా ఇద్దరికి "కొన్నాళ్లు ఆగండి" అని చెప్పాను. తప్పు నాదే. వాళ్లకి ఫోన్ చేసి చెప్పుకున్నాను, మీకూ చెబుతున్నాను.

టెక్సస్‌లో ఈ లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రం. అక్కడ బడ్జెట్ ఆగినా ఇక్కడ మన కౌంటర్ దగ్గర ప్రింటర్ ఆగలేదు. ఇక్కడే ఉంటున్నవాళ్లకి మంచినీటి చేపల లైసెన్స్ ప్యాకేజీ 30 డాలర్లు, అదేమీ మారలేదు. లైసెన్సులు తనిఖీ చేసే గేమ్ వార్డెన్లు కూడా రాష్ట్ర ఉద్యోగులే. "ఇప్పుడెవరు అడుగుతార్లే" అనుకుని లైసెన్స్ లేకుండా గాలం వేయకండి.

రాష్ట్ర ప్రభుత్వమే మూతపడితే లెక్క వేరు. 2011 జులైలో మిన్నెసోటాలో అలాగే జరిగింది. దాదాపు మూడు వారాలు లైసెన్సుల అమ్మకమే లేదు, లైసెన్స్ ఉండాలన్న రూలు మాత్రం అలాగే ఉంది. నిండు వేసవిలో అక్కడి ఎర షాపుల వాళ్లు ఎలా నెట్టుకొచ్చారో తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది.

మనకి ఇబ్బందల్లా నీళ్ల దాకా వెళ్లే దారితోనే. లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, లవాన్, డాలస్ చుట్టుపక్కల ఉన్న ఇవన్నీ ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ (ఫెడరల్ సైన్యంలోని ఇంజినీరింగ్ విభాగం) లేకులు. కోర్ సొంతంగా నడిపే పార్కులు ఫెడరల్ డబ్బు మీద నడుస్తాయి. మన షాపు దాటాక పడవలు నీళ్లలోకి దించే ర్యాంపు గేటుకి గొలుసు చుట్టి తాళం వేశారు. పోయిన శనివారం తెల్లారకముందే ఒకాయన పడవ తగిలించుకుని అక్కడిదాకా వెళ్లి, ఆ ఇరుకులో ట్రెయిలర్ వెనక్కి తిప్పలేక అరగంట అవస్థ పడ్డాడు. సిటీలు లీజుకి తీసుకుని నడిపే పార్కులకి వెళ్లండి, బయల్దేరే ముందు తెరిచే ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

స్టేట్ పార్కులు రాష్ట్రం నడిపేవి. రే రాబర్ట్స్ లేకు స్టేట్ పార్కు లాంటి చోట ఒడ్డున కూర్చుని గాలం వేస్తే లైసెన్సే అక్కర్లేదు, గేటు దగ్గర ప్రవేశ రుసుము కడితే చాలు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నవాళ్లకి ఇది నేను మరీ మరీ చెబుతాను. బయట లేకుల దగ్గర నాన్నగారి చేతికి రాడ్ ఇచ్చి గాలం వేయిస్తే ఆయనకీ లైసెన్స్ కావాలి, అదీ టెక్సస్‌లో ఉండనివాళ్ల రేటుకి. పదిహేడేళ్లు నిండని పిల్లలకి ఎక్కడా అవసరం లేదు.

ఇక షాపు సంగతి. శనివారం బేరం సగానికి పడిపోయింది. ట్యాంకులో మిన్నోలు (ఎరకి వాడే చిన్న చేపలు) అమ్ముడుపోక, గాలిపంపు రాత్రంతా తిరుగుతున్నా పొద్దున్నే పైకి తేలుతున్నాయి. వలతో తీసి పారేస్తుంటే చేతులు రావడం లేదు. అందుకని ఇకమీదట మిన్నోలు గురువారం సాయంత్రం ఒక్కసారే తెప్పిస్తాను. ఎక్కువ కావాలంటే బుధవారంలోపు చెప్పండి. వానపాములు ఎప్పుడూ ఉంటాయి.

మన కస్టమర్లలో ఫెడరల్ ఉద్యోగులున్నారు. జీతం ఆగి, బాగుచేయించిన రీల్ తీసుకెళ్లడానికి మొహమాటపడుతున్న బాబాయ్ ఒకరున్నారు. బాబాయ్, రీల్ తీసుకెళ్లండి, డబ్బు జీతం వచ్చాక చూసుకుందాం. మీలాంటివాళ్లు ఇంకెవరున్నా ఇదే మాట. శనివారం అయిదున్నరకే షాపు తెరుస్తాను.