మా మోరిస్ మైనర్‌కు ఏ పెట్రోలు పోయమంటారు, మంత్రి గారూ?

గౌరవనీయులైన కేంద్ర పెట్రోలియం శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఇప్పుడు మన బంకుల్లో పోస్తున్న ఈ20 పెట్రోలు, అంటే ఇరవై శాతం ఇథనాల్ (చెరుకు లాంటి పంటల నుంచి తీసే ఆల్కహాల్) కలిపిన పెట్రోలు గురించి నేను రాస్తున్న నాలుగో ఉత్తరం ఇది. మొదటి రెండింటికి జవాబు లేదు. మూడోది ఆన్‌లైన్‌లో పెడితే 'పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో ఇప్పటికీ నాకు తెలియదు.

మాది 1954 నాటి నాలుగు తలుపుల మోరిస్ మైనర్, 803 సీసీ. తర్వాత మినీ కారుకు రూపమిచ్చిన అలెక్ ఇసిగోనిసే దీన్నీ తయారుచేశాడు. బ్రిటన్‌లో పది లక్షలకు పైగా తయారైన మొదటి కారు మోడల్ ఇదే. తాళం తిప్పగానే ముందు పెట్రోలు పంపు పలుకుతుంది. టిక్ టిక్ మని కొట్టుకుని, కార్బరేటర్ నిండాక ఆగుతుంది. ఆ చప్పుడు ఆగాకే సెల్ఫ్ లాగాలని నాన్నగారు నేర్పారు.

పోయిన వానాకాలం ఆ టిక్ టిక్ ఆగలేదు. బానెట్ ఎత్తితే గుప్పున పెట్రోలు వాసన. పంపు నుంచి కార్బరేటర్‌కు వెళ్లే రబ్బరు పైపు వేళ్ల మధ్య మెత్తగా నలిగి, చేతికి నల్లగా అంటుకుంది. చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఈ ఇంజనులో కార్బరేటర్‌కు సరిగ్గా కిందే వేడి పొగ బయటకు పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఉంటుందండీ, ఎర్రగా కాలిపోతూ. అప్పుడు వెనక సీట్లో నా మనవరాలు కూర్చుని ఉంది. ఆ టెన్షన్ ఇప్పటికీ తగ్గలేదు.

పైపు మార్చాను. నాలుగు నెలలకు పంపు లోపలి పల్చని పొర, డయాఫ్రమ్, పోయింది. ఇథనాల్ పాతకాలపు రబ్బరును పాడుచేస్తుంది, తేమనూ పీల్చుకుంటుంది. మాది కాకినాడ, సముద్రపు గాలి. నెలకు రెండుసార్లు తీసే బండి. ట్యాంకు దింపి చూస్తే అడుగున నీళ్లు, తుప్పు. పాత బండ్లకు కొన్ని రబ్బరు భాగాలు మార్చుకుంటే చాలని, ఖర్చు తక్కువని, మామూలు సర్వీసింగ్‌లో అయిపోతుందని మీ శాఖే చెప్పింది. ఏ సర్వీసింగ్‌లో అండీ? డయాఫ్రమ్ ఇంగ్లండ్ నుంచి తెప్పించుకున్నాను. దానికి కస్టమ్స్ కట్టాను. మెకానిక్‌ను వెతకడానికే నెల పట్టింది.

ఇథనాల్ వద్దనడం లేదు. చెరుకు రైతుకు నాలుగు డబ్బులు వస్తే నాకూ సంతోషమే. కానీ బ్రిటన్‌లో 2021లో పది శాతం ఇథనాల్ పెట్రోలు తెచ్చినప్పుడు, పాత కార్ల కోసం ఖరీదైన సూపర్ గ్రేడు పెట్రోలులో ఐదు శాతం దాటకుండా ఉంచారు. అదే ఏడాది మన కేంద్ర ప్రభుత్వమూ యాభై ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్‌గా గుర్తిస్తూ నిబంధనలు తెచ్చింది. పెట్రోలు పోయించుకోవడానికి రోడ్డెక్కవచ్చని వాటిలోనే రాశారు. అలా రోడ్డెక్కి ఏ బంకుకు వెళ్లాలి?

జిల్లాకు ఒక్క బంకులోనైనా ఇథనాల్ లేని పెట్రోలు ఇప్పించండి. లీటరుకు ఎక్కువ తీసుకోండి, కడతాం. కనీసం ఐదు శాతానిదైనా ఇప్పించండి. అదీ కుదరదంటే ఎందుకు కుదరదో రెండు ముక్కలు రాయండి. ఒక్క బంకు చాలండీ.

ట్యాంకు ఖాళీ చేసి బండిని షెడ్డులో పెట్టాను. మీ జవాబు వచ్చేదాకా తీయను.

ఇట్లు,
ఒక మోరిస్ మైనర్ యజమాని,
కాకినాడ