ఈ నెల గోడలు రావు, ఎందుకంటే

నమస్కారం. సొంతంగా కొట్టం కట్టుకుంటూ, బరువు మోసే గోడల ఫ్రేములు మా షెడ్డులో చేయించుకుంటున్న అందరికీ ఈ మాట. ఈ నెల పంపుతానన్న గోడలు పంపలేను. ఇంకో ఆరు వారాలు పడుతుంది. 'అనివార్య కారణాల వల్ల' అని ఒక్క ముక్క రాసి ఊరుకోవచ్చు. కానీ మీలో చాలామంది రెండో కొట్టానికి కూడా నన్నే వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. ఉన్నదున్నట్టు చెప్పేస్తాను.

తొమ్మిదేళ్లుగా కలప తెచ్చుకుంటున్న అడితి నుంచి కొత్త లోడు వచ్చింది. ప్రతి కర్ర మీదా ఆరబెట్టినదన్న ముద్ర ఉంది. ఆ ముద్ర ఉంటే చెమ్మ 19 శాతం దాటకూడదు. ముద్ర చూసి కోతకు దిగాను, చెమ్మ కొలిచే మీటర్ పెట్టి చూడలేదు. అది నా తప్పే. పద్నాలుగు గోడలు బిగించి, అందులో నాలుగు ఒకరికి పంపేశాక, ఒక తలుపు పై దూలానికి మేకు కొడుతుంటే మేకు తల చుట్టూ నీరు ఊరింది. సుత్తి పక్కన పెట్టి మీటర్ తెచ్చి గుచ్చాను. 28 చూపించింది. పక్క కర్ర 27.

అడితి ఆయనకు ఫోన్ చేస్తే, "దారిలో వానకు తడిసి ఉంటుంది, రెండు రోజులు ఎండలో పెట్టు" అన్నాడు. వానకు తడిస్తే పైపొర తడుస్తుంది. కర్రను అడ్డంగా కోసి నడిమధ్య గుచ్చినా 28 చూపిస్తోందంటే అది ఆరబెట్టని కర్ర. ఇన్నేళ్లు ఈ పని చేస్తున్న నాకే ఆ తేడా తెలియదనుకున్నాడే, నాకు ఎక్కువ నొప్పి అక్కడే. ఇక ఊరికే ఇచ్చినా ఆ గేటు తొక్కను.

"పచ్చి కర్రతో కట్టేవాళ్లు లేరా?" అని మీలో ఒకరు అడిగారు. ఉన్నారు. కర్ర ఆరేటప్పుడు పొడవులో దాదాపు తగ్గదు, అడ్డంలో తగ్గుతుంది. చెమ్మ నాలుగు శాతం తగ్గితే వెడల్పు సుమారు ఒక శాతం తగ్గుతుందని మా లెక్క. తలుపు పైన పెట్టే దూలం లోతు తొమ్మిదింపావు అంగుళాలు. అది 28 నుంచి 12కి ఆరేసరికి దాదాపు 9 మిల్లీమీటర్లు కుంగుతుంది. పక్కన నిలువు కర్రలు మాత్రం అంతే పొడవుంటాయి. దూలానికీ, గోడ పైన అడ్డంగా పరిచే పట్టెకూ మధ్య సందు పడుతుంది. కప్పు బరువు దూలం మీదకు దిగకుండా పట్టె మీదే వేలాడుతుంది. కొట్టం తలుపులు ఎలాగూ వెడల్పు, పట్టె వంగుతుంది, తలుపు బిగుసుకుంటుంది.

ఇక నాలుగు రాత్రులు నన్ను నిద్రపోనివ్వని సంగతి. మా పెద్ద వడ్రంగి అన్నది ఒకటే: "దూలాలూ పట్టెలూ మార్చి, మిగతావి పంపేద్దాం. నిలువులు గోడలోనే ఆరిపోతాయి." నిజం చెప్పాలంటే ఆయన మాటలో తప్పు లేదు. అలా చేస్తే రెండు వారాల్లో అయిపోయేది. అవతల ఒకరి గేదెలు టార్పాలిన్ కింద ఉన్నాయని కూడా నాకు తెలుసు. అయినా మనసొప్పలేదు. ఫ్రేములు మీ దొడ్లో పది రోజులు పేర్చి ఉంటే ఆ పచ్చి నిలువులు మెలి తిరుగుతాయి. మెలి తిరిగిన గోడను నిటారుగా నిలబెట్టలేక మీరు నన్నే తిట్టుకుంటారు. మొండితనమంటే మొండితనమే. షెడ్డులో మిగిలిన పది గోడలూ మేకులు పీకి విప్పేశాం.

ముందే వెళ్లిన నాలుగు గోడల వాళ్లతో మాట్లాడాను. ఏటవాలు ఊతకర్రలు తీయకండి, కప్పు ఎక్కించకండి, లోపల పలకలు కొట్టకండి. ఆదివారం నేనే వచ్చి విప్పి తీసుకెళ్తాను. రవాణా ఖర్చు నాదే.

అడ్వాన్సు వెనక్కి కావాలంటే అడగండి, ఇచ్చేస్తాను. నొచ్చుకోనని అబద్ధం చెప్పను, కాస్త నొచ్చుకుంటాను.

కొత్త కలప వేరే అడితిది. ప్రతి దూలం మీదా చెమ్మ ఎంతో పెన్సిల్‌తో రాసి పంపుతాను. మీ దగ్గర మీటర్ ఉంటే మీరూ గుచ్చి చూడండి. 19 దాటితే లారీ దించనివ్వకండి.